ఎస్‌డీఎస్ 011: ఊరి గాలికి చవక కొలబద్ద, తేమను బట్టి నమ్మాలి

చిన్న పట్టణాల్లో గాలి లెక్కకు చాలాచోట్ల ఇప్పటికీ వడపోత కాగితం మీద ధూళిని పట్టి తూచే యంత్రమే దిక్కు. వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రోజులు నడుస్తుంది. ఏ గంటకు పొగ కమ్మిందో మాత్రం చెప్పలేదు. ఆ లోటును రెండు మూడు వేల రూపాయల్లో దొరికే నోవా ఫిట్‌నెస్ కంపెనీ ధూళి సెన్సర్ ఎస్‌డీఎస్ 011 కొంత తీరుస్తుంది. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లేజర్ కాంతి ధూళికణాలకు తగిలి చెదురుతుంది. ఆ చెదురును బట్టి పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న ధూళి), పీఎం 10 (10 మైక్రాన్ల లోపు ధూళి) అంకెలు వస్తాయి. అంటే ఇది ధూళిని తూచదు, అంచనా కడుతుంది. మంచీ చెడూ రెండూ అక్కడే ఉన్నాయి.

బిగింపు తేలికే. అంకెల్ని వైఫైలో పంపే నోడ్‌ఎంసీయూ బోర్డు, తేమ కొలిచే బీఎంఈ 280, ఔత్సాహికుల గాలి కొలతల వేదిక సెన్సర్.కమ్యూనిటీ వారి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. సెన్సర్ టీఎక్స్ (పంపే) పిన్నును బోర్డు మీది డీ1కి, ఆర్ఎక్స్ (అందుకునే) పిన్నును డీ2కి కలపాలి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌దే కావాలి. ఎక్కువమంది చిక్కుకునేది కరెంటు దగ్గర. సెన్సర్‌కు 5 వోల్టులు నిలకడగా అందాలి. డాబా మీదికి సన్నటి యూఎస్‌బీ వైరు పొడవుగా లాగితే వోల్టేజీ పడిపోయి అంకెలు ఆగి ఆగి వస్తాయి. ఛార్జర్ దగ్గరగా పెట్టండి, లేదా మందపాటి వైరు వాడండి. ఎత్తు ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్లు. వంటింటి పొగ గొట్టానికి, అగరబత్తి వెలిగించే తులసికోటకు దూరంగా ఉండాలి. సెన్సర్‌లోకి గాలి వెళ్లే గొట్టం మూతికి సన్న జాలీ కట్టకపోతే సాలీడు కాపురం పెడుతుంది.

అసలు చిక్కు తేమతో. తయారీదారు చెప్పిన హద్దు 70 శాతం. కోస్తాలో చలికాలం తెల్లవారుజామున తేమ దాన్ని సులువుగా దాటుతుంది. కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, మంచు బిందువులు కూడా ధూళి ఖాతాలో పడతాయి. అందుకే భోగి మంటల ఉదయం వచ్చిన అంకెలో ఎంత పొగో ఎంత మంచో విడదీయడం కష్టం. తేమ అంకెను పక్కనే నమోదు చేసి, 80 శాతం దాటిన గంటల్ని విడిగా గుర్తుపెట్టండి. బీఎంఈని బోర్డు వేడికి దూరంగా అమర్చాలి, లేకుంటే తేమను తక్కువ చేసి చూపిస్తుంది.

పీఎం 10 అంకెను మాత్రం పక్కన పెట్టేయండి. పెద్ద కణాలు దీనికి సరిగా ఆనవు. కంకర క్రషర్ దుమ్ము కొలవాలనుకునేవారికి ఇది పనికిరాదు. చెత్త, గడ్డి తగలబెట్టే పొగ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది అన్నది పట్టడంలో మాత్రం బాగానే పనిచేస్తుంది. 0.3 మైక్రాన్ల లోపు కణాలు తప్పించుకుంటాయి కాబట్టి తాజా పొగను కాస్త తక్కువే చూపవచ్చు.

కొన్నవెంటనే రెండు సెన్సర్లను వారం రోజులు పక్కపక్కనే నడపండి. విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి చోట్ల గాలిని నిరంతరం కొలిచే ప్రభుత్వ కేంద్రం దగ్గర కొన్నాళ్లు పెట్టి సరిపోల్చగలిగితే మరీ మేలు. పీఎం 2.5కి మన దేశ ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, అది 24 గంటల సగటు. సాయంత్రం ఏడింటి అంకెను దానితో పోల్చి గగ్గోలు పెట్టడం లెక్క కాదు.

లేజర్ ఆయుష్షు 8,000 గంటలు. ఆపకుండా నడిపితే పదకొండు నెలలు. రెండున్నర నిమిషాలకోసారి అర నిమిషం చొప్పున నడిపితే కాగితం మీద నాలుగేళ్లు దాటుతుంది. ఆలోపే దుమ్ము పట్టి ఫ్యాను గరగరలాడడం మొదలుపెడుతుంది. లోపల మసి పేరుకుంటే అంకెలు నెమ్మదిగా పక్కదారి పడతాయి, ఆ సంగతి పెట్టె చెప్పదు. మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊది, కొత్త సెన్సర్ పక్కన పెట్టి చూడాలి.

ఆ ధూళిలో సీసం ఉందా, ఇంకేదైనా విషం ఉందా అంటే దీనికి తెలియదు. అందుకు వడపోత కాగితం మీద పట్టిన ధూళిని ప్రయోగశాలకు పంపాల్సిందే.