గూగుల్ సెర్చ్ కన్సోల్: ఉచితమే, కానీ చాలామంది సగం కూడా వాడరు

మీ సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపే టూల్ ఇది. ర్యాంకింగ్ కోసం వేరే టూల్స్ కొనేముందు దీన్ని పూర్తిగా వాడుకోండి. సైట్‌ను డొమైన్ ప్రాపర్టీగా (డొమైన్ మొత్తంగా) చేర్చి, అది మీదేనని రుజువుగా డీఎన్ఎస్‌లో (డొమైన్ సెట్టింగుల్లో) టీఎక్స్‌టీ రికార్డు పెడితే సబ్‌డొమైన్లు (blog.example.com లాంటివి) కూడా ఒకేచోట కనిపిస్తాయి.

అసలు సత్తా పెర్ఫార్మెన్స్ రిపోర్టుదే. 16 నెలల డేటా ఇస్తుంది. సగటు స్థానం 8 నుంచి 15 మధ్య ఉండి, ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) బాగా వస్తున్న క్వెరీలను (జనం వెతికిన మాటలను) ఏరండి. ముందు ఆ పేజీల టైటిల్, మొదటి పేరా సరిచేయండి. కొత్త పేజీలు తర్వాత. ‘గోంగూర పచ్చడి’ అని తెలుగు లిపిలో వెతికేవాళ్లూ, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లూ వేరువేరు వరుసల్లో వస్తారు. రెండిటినీ కలిపి చూడాలంటే రీజెక్స్ ఫిల్టర్ (ఒకే నమూనాతో పలు పదాలను పట్టేది) పెట్టాలి. తెలుగు సైట్లకు ఇది తప్పనిసరి.

లోపాలూ ఉన్నాయి. పట్టిక 1000 వరుసల దగ్గర ఆగిపోతుంది. అరుదైన క్వెరీలను గోప్యత కోసం దాచేస్తుంది కాబట్టి వరుసలన్నీ కూడినా మొత్తం క్లిక్కులతో లెక్క కుదరదు. ‘క్రాల్ అయింది, ఇండెక్స్ కాలేదు’ (గూగుల్ పేజీని చదివింది, కానీ సెర్చ్ జాబితాలో చేర్చలేదు) అంటుంది గానీ ఎందుకో చెప్పదు, ఇదే పెద్ద వెలితి. అలాంటప్పుడు ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ బటన్ పదేపదే నొక్కితే పని వేగంగా జరగదు. పేజీలో సరుకు పెంచి, సైట్‌లో ఎక్కువమంది చదివే పేజీల నుంచి దానికి లింకులివ్వండి.