బేస్ మోడలర్: ఆంప్‌కి పెడితే మేలా, నేరుగా మిక్సర్‌కా?

మోడలర్ అంటే రకరకాల ఆంప్‌లు (యాంప్లిఫయర్లు), స్పీకర్లు, ఎఫెక్ట్స్ సౌండ్‌ని అనుకరించే డిజిటల్ పెట్టె. బేస్ గిటార్‌కి అది కొన్న కొత్తలో అందరికీ వచ్చే డౌటే ఇది. ఇంట్లో ఇయర్‌ఫోన్స్‌లో అంత బ్రహ్మాండంగా వినిపించిన సౌండ్, స్టేజీ మీద ఆంప్‌కి పెట్టగానే దుప్పటి కప్పినట్టు ఎందుకైపోతుంది? తిరుచానూరు దగ్గర ఒక రిసెప్షన్‌లో నాకూ అదే జరిగింది. రెండో పాట అయ్యేసరికి మైక్ సెట్ కుర్రాడు దగ్గరికొచ్చి, "అన్నా, బేస్ మోగతా ఉంది గానీ నువ్వేం వాయిస్తా ఉండావో తెలీలే" అన్నాడు. పరువు పోయింది గానీ, వాడు చెప్పింది నిజమే.

తప్పు మోడలర్‌ది కాదు, నాది. ప్యాచ్‌లో, అంటే మోడలర్‌లో నేను సేవ్ చేసుకున్న సౌండ్ సెట్టింగ్‌లో, అప్పటికే ఒక ఆంప్ మోడల్, ఒక స్పీకర్ క్యాబినెట్ (క్యాబ్) మోడల్ ఉన్నాయి. దాన్ని తీసుకెళ్లి నిజం ఆంప్ ముందున్న ఇన్‌పుట్‌లో పెట్టానంటే, ఉప్పేసిన పప్పులో మళ్లీ ఉప్పేసినట్టే. బేస్ స్పీకర్ పై ఫ్రీక్వెన్సీలను మెత్తబరుస్తుంది, క్యాబినెట్ మోడల్ కూడా చేసేది అదే పని. రెండుసార్లు కోసేస్తే తీగని వేలితో మీటిన ఆ 'టక్' మిగలదు, ఒట్టి ఊఊ అనే మోత మిగులుతుంది.

కాబట్టి ఆంప్ ముందు ఇన్‌పుట్‌లోనే పెట్టాలనుకుంటే ప్యాచ్‌లో ఆంప్, క్యాబ్ రెండూ ఆపేసి కంప్రెసర్, ఆక్టేవ్, కోరస్ లాంటి ఎఫెక్ట్స్ మాత్రం ఉంచుకోండి. ఆంప్ మీ సొంతదైతే, దాని సౌండ్ మీకు నచ్చితే ఇదే హాయి. కానీ మన దగ్గర ఎంతమంది సొంత ఆంప్ మోసుకెళ్తారు? మైక్ సెట్ వాళ్లు తెచ్చే 15 అంగుళాల కాంబోయే (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) గతి, అది ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా ఉంటుంది, ట్రెబుల్ నాబ్ ఊడిపోయి ఒట్టి ఇనప కాడ మిగిలినవి కూడా చూశాను.

రెండో దారి ఆంప్ వెనకాల ఎఫెక్ట్స్ లూప్‌లో ఉండే రిటర్న్ అనే సాకెట్. దాంట్లో పెడితే ఆ అద్దె ఆంప్‌లో టోన్ మలిచే మొదటి భాగం, అంటే ప్రీఆంప్, పక్కకి తప్పుకుంటుంది, టోన్ అంతా మోడలర్‌దే, పవర్, స్పీకర్ మాత్రం ఆంప్‌వి. ఆంప్ మోడల్ ఉంచుకోవచ్చు, క్యాబ్ మాత్రం ఆపండి. సౌండ్ పరంగా నాకిది బాగా నచ్చిన పద్ధతి. ఒక్క జాగ్రత్త: చాలా ఆంప్‌లలో రిటర్న్‌కి పెడితే ముందున్న వాల్యూమ్ నాబ్ పనిచేయదు. నేను మొదటిసారి మోడలర్ వాల్యూమ్ తగ్గించకుండా పెట్టి ఒక్క నోట్ కొట్టాను సామీ, పక్కన తబలా ఆయన లేచి నిలబడ్డాడు. ఇంకో సంగతి, చౌక కాంబోలకి ఆ రిటర్న్ ఉండదు, వెళ్లగానే వెనక్కి తిప్పి చూసుకోండి.

మూడోది నేరుగా మిక్సర్‌కి. ఇక్కడ ఆంప్ మోడల్, క్యాబ్ రెండూ ఉండాలి, లేకపోతే తీగల గరగర అంతా బాక్సుల్లో వినబడుతుంది. బాస్ (Boss) కంపెనీ జీటీ-1బీ, జూమ్ కంపెనీ బీ1 ఫోర్ లాంటి చిన్న మోడలర్లకి ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ (మైక్ కేబుల్ పెట్టే మూడు పిన్నుల సాకెట్) లేదు. స్టేజీ నుంచి దూరంగా ఉండే మిక్సర్ దాకా మామూలు గిటార్ కేబుల్ లాగితే సీరియల్ లైట్ల హమ్మంతా దాంట్లోకి ఎక్కుతుంది, కాబట్టి సిగ్నల్‌ని మైక్ కేబుల్‌లో హమ్ లేకుండా పంపేలా మార్చే డీఐ బాక్స్ ఒకటి మీ సంచిలోనే ఉంచుకోండి. హమ్ అప్పటికీ పోకపోతే దాని మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి.

మరి ఏది మేలంటే, నేను ముందు చూసేది సబ్‌లు (కింది మోత కోసం పెట్టే పెద్ద స్పీకర్ బాక్సులు) ఉన్నాయా లేదా అని. తిరుపతి గంగమ్మ జాతర రోజుల్లో వీధుల్లో పేర్చే సబ్‌ల వరసల ముందు మీ ఆంప్ ఎవరికి వినబడుతుంది? అక్కడ జనం వినేది మిక్సర్ నుంచి వెళ్లేదే, ఆంప్ మీ చెవి కోసమే. అదే చిన్న కల్యాణ మండపంలో 12 అంగుళాల టాప్ బాక్సులు రెండే పెట్టారనుకోండి, మామూలు బేస్‌లో అన్నిటికంటే లావు తీగ (E) మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, ఐదు తీగల బేస్‌లో ఇంకా కింది తీగ (లో బీ) అయితే 31, అంత కింది మోత ఆ బాక్సులు సరిగ్గా ఇవ్వలేవు. అప్పుడు ఆంప్‌నే నమ్ముకోండి. 15 అంగుళాల కాంబో కూడా 31ని గట్టిగా ఇవ్వలేదనుకోండి, అందుకే 40 దగ్గర లో కట్ (అంతకంటే కింది మోతని కోసేసే ఫిల్టర్) పెట్టేస్తాను, నోట్లు విడివిడిగా తెలుస్తాయి.

ప్యాచ్ మాత్రం ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో తయారు చేసి అదే ఖాయమనుకోకండి. సౌండ్ తక్కువగా ఉంటే చెవికి బేస్ ఇంకా తక్కువగా వినిపిస్తుంది, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతి కొలిచి చూపించారు. అందుకే ఇంట్లో బేస్ పెంచేస్తాం, స్టేజీ మీద అది బురదైపోతుంది.

చివరగా కరెంటు. ఆంప్ అయితే కరెంటు పోయి వచ్చిన వెంటనే మోగుతుంది, మోడలర్ మళ్లీ లేచి కూర్చునేదాకా పల్లవి అయిపోతుంది. నా పెద్ద మోడలర్ హెచ్ఎక్స్ స్టాంప్‌కి బ్యాటరీ లేదు, 9 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, మామూలు పెడల్ అడాప్టర్ దానికి చాలదు. జెనరేటర్‌కి మార్చే ఆ రెండు క్షణాల్లో నా ఖరీదైన పెట్టె తెర నల్లబడిపోయి పాట మధ్యలో ఉత్త చేతులతో నిలబడ్డాను. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచే బీ1 ఫోర్‌కి ఆ గొడవే లేదు. ఇప్పుడు ఊళ్లలో ప్రోగ్రాం అంటే నా చేతిలో ఉండేది ఆ చిన్నదే, పెద్దది ఇంట్లో ప్రాక్టీస్‌కి.