వాక్కాయ కంచె: తొమ్మిదేళ్ల తర్వాత

రోహిణి కార్తెలో మా పెరట్లో వాడిపోకుండా నిలబడేది వాక్కాయ కంచె ఒక్కటే. మందారం ఆకులు వేలాడేసేది, మల్లెకు రెండు పూటలా పోయకపోతే మొగ్గ రాలిపోయేది. వాక్కాయ మాత్రం ఆ వడగాడ్పులో కూడా ముదురాకుపచ్చగా మెరిసేది. అందుకే నాకీ చెట్టంటే అంత ప్రేమ. విజయవాడ ఎండలకు ఇంతకంటే నమ్మకమైన మొక్క లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

2016 వానాకాలంలో కడియం నుంచి పద్నాలుగు మొక్కలు తెచ్చి, వెనక ప్రహరీ లేని వైపు మూడడుగులకొకటి పాతాం. మొదటి రెండు వేసవులూ మూడు రోజులకోసారి నీళ్లు పెట్టాం. ఆ తర్వాత బిందెడు కూడా పోయలేదు. నాలుగో ఏడు కాపు మొదలైంది. ముళ్లు ఎంత గట్టివంటే, కొమ్మలు కత్తిరించిన రోజు రాలిన ముల్లొకటి హవాయి చెప్పు అడుగు నుంచి దూసుకొచ్చి కాల్లో దిగింది. గేదెలు అటు రావడం మానేశాయి.

ఇది గన్నేరు కుటుంబానిదేనని తెలిసి మా అత్తయ్య మొదట్లో భయపడ్డారు. ఆకు తుంచితే పాలు రావడం చూసి, "ఇది తినే కాయేనా అమ్మాయ్?" అని రెండు సార్లు అడిగారు. తర్వాత వాక్కాయ పప్పు లేకుండా ఆవిడకు శ్రావణం గడవలేదు. పచ్చికాయ చీలిస్తే పాలు కారి కత్తికి బంకలా పట్టేస్తుంది. అందుకే చేతులకు నూనె రాసుకుని, కాయను రోట్లో ఒక్క దెబ్బ వేసి, గింజలు తీసి ఉప్పునీళ్లలో పడేస్తాను. పండితే నల్లగా నిగనిగలాడుతుంది, పులుపు తగ్గుతుంది. కేకుల మీద కనిపించే ఎర్ర చెర్రీలు చాలావరకు రంగేసి పాకం పట్టిన వాక్కాయలేనని చెబితే మా అబ్బాయి నమ్మలేదు. ఇంట్లో బీట్‌రూట్ రసంతో చేసి చూపించాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లోకి వచ్చాయి. మేమంతా మేడ మీదికి వెళ్లిపోయాం. పై నుంచి చూస్తే కంచె కొసలు మాత్రం నీళ్ల పైన కనిపించేవి. ముందు వీధిలో నీళ్లు తీసినా మా పెరడు పల్లం కాబట్టి అక్కడ పదకొండు రోజులు నిలిచిపోయాయి, అదీ మురుగు నీళ్లు. ఇంత మొండి చెట్టుకు ఏం కాదులే అనుకున్నాను. దిగాక చూస్తే కింది ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి. మొదలు దగ్గర గోటితో నొక్కితే బెరడు అరటితొక్కలా ఊడొచ్చింది. ఒక మొక్క పెకలించి చూశాను, వేర్లు నల్లబడి కంపు కొడుతున్నాయి.

పద్నాలుగింటిలో తొమ్మిది పోయాయి. మిగిలిన ఐదూ గేటు వైపువి. ఎందుకవే బతికాయని తవ్వి చూస్తే విషయం తెలిసింది. అక్కడ పాత వంటగది కూల్చినప్పటి ఇటుక ముక్కలు, ఇసుక పోసి ఉన్నాయి. జానెడు ఎత్తు, నీరు దిగిపోయే నేల. మిగతావన్నీ నల్లరేగడిలో ఉన్నాయి. ఎండను ఎంతైనా ఓర్చుకునే ఈ చెట్టు వేర్లకు నిలవ నీళ్లు పడవు.

ఆ ఐదింటినీ డిసెంబరులో మోకాలెత్తుకు కొట్టేశాను. ఒకటి పూర్తిగా ఎండిందనుకుని గొయ్యి తీయబోతుంటే, మొదట్లోంచి ఎర్రటి చిగురు పెసరగింజంత కనిపించింది. గునపం పక్కన పెట్టేసి అక్కడే కూర్చుండిపోయాను.

ఇప్పుడు ఖాళీల్లో ఎర్రమట్టీ ఇసుకా కలిపి అడుగున్నర కట్ట వేసి కొత్త మొక్కలు పెట్టాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఆడపడుచు నా మాట మీదే నల్లమట్టిలో వాక్కాయ పెట్టింది. వానపడితే అక్కడ రెండు రోజులు నీళ్లుంటాయి, మొక్కలూ ఎదగడం లేదు. కట్ట వేయమని ఫోన్ చేసి చెప్పాను.

ఇంకో మాట కూడా సరిచేసుకోవాలి. కంచే కాయలూ రెండూ దక్కుతాయని చెప్పేదాన్ని. గోడలా చదునుగా కత్తిరిస్తే పూత పట్టే కొసలు పోయి కాపు బాగా తగ్గింది. మాకు పూత ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది కాబట్టి కాయలు కోశాకే కత్తెర పెడుతున్నాను.

మెరక స్థలమైతే పెట్టండి. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, ముళ్ల మధ్య నుంచి నింపాదిగా కోసే తీరిక నాకుంది. మీ ఇంటి సంగతి మీకు తెలుస్తుంది. ఈ శ్రావణంలో ఐదు చెట్లకూ కలిపి ఒక గిన్నెడు కాయలొచ్చాయి. పప్పులోకి సరిపోయాయి, అత్తయ్య అడిగిన కొబ్బరి పచ్చడికి మిగల్లేదు.