పిల్లల తుమ్ములకు అజెలాస్టిన్ స్ప్రే: మందు మంచిదే, కొట్టే తీరే ముఖ్యం

కోతలప్పుడు మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల దుమ్ము, కల్లాల్లో వడ్ల పొట్టు, వానలు పడ్డాక గట్ల నిండా వయ్యారిభామ పూత. పొద్దున లేవగానే ఆగని తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్ల దురద ఉండి జ్వరం లేదంటే అది మామూలు సర్ది కాకపోవచ్చు, అలర్జీ కావచ్చు. అలాంటి పిల్లలకు డాక్టర్లు రాసే యాంటీహిస్టమిన్ (అలర్జీని అణిచే మందు) స్ప్రేల్లో ముఖ్యమైనది అజెలాస్టిన్.

దీని బలం వేగం. తుమ్ములు, దురద, కారడం పావుగంట నుంచి అరగంటలో తగ్గుముఖం పడతాయి. ముక్కు దిబ్బడే ప్రధాన బాధ అయితే మాత్రం ఇదొక్కటే చాలదు. అక్కడ ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రేలదే పైచేయి, కాకపోతే వాటి పూర్తి ఫలితం కనబడటానికి రోజులు పడుతుంది. రెండూ కలిపిన స్ప్రేలూ ఉన్నాయి, ఖరీదెక్కువ.

0.1 శాతం స్ప్రే 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు సాధారణంగా ఒక్కో రంధ్రంలో ఒక్కసారి, రోజుకు రెండు పూటలు. ఒక్కో నొక్కుకు సుమారు 140 మైక్రోగ్రాముల మందు వస్తుంది. అంతకన్నా చిన్న పిల్లలకు డాక్టరు చెబితేనే వాడాలి. 10 మి.లీ. సీసా ఈ లెక్కన రెండు వారాలకు కొంచెం పైనే వస్తుంది.

పిల్లలు దీన్ని వద్దనేది చేదు వల్ల. తల వెనక్కి వాల్చి కొడితే మందు గొంతులోకి జారుతుంది, అసలు పని చేయాల్సిన చోట నిలవదు. తల కాస్త ముందుకు వంచాలి. చీమిడి చీదించి, కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో కొట్టాలి. అప్పుడు నాజిల్ మొన మధ్య గోడకు కాకుండా చెవి వైపు తిరుగుతుంది. గోడకే తగులుతుంటే పుండుపడి రక్తం వస్తుంది. గట్టిగా పీల్చొద్దు, మెల్లగా చాలు. ఆ వెంటనే నీళ్లు తాగిస్తే చేదు పోతుంది. కొందరికి మత్తు వస్తుంది కాబట్టి మొదటి డోసు బడికి పంపే ముందు కాకుండా రాత్రి పూట ఇవ్వడం మేలు.

కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా గాలిలోకి నాలుగైదుసార్లు నొక్కాలి, లేకపోతే మొదటి డోసు పూర్తిగా పడదు. స్టెరాయిడ్ కలిసినదైతే ప్రతిసారీ సీసా ఊపాలి, అడుగున పేరుకునే మందు అది.

మెడికల్ షాపులో ఉత్త 'ముక్కు స్ప్రే' అని అడిగితే జైలోమెటాజోలిన్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. అది నిమిషాల్లో దిబ్బడ విడగొడుతుంది, కానీ ఐదు రోజులు దాటి వాడితే ముక్కు అంతకు మించి బిగుసుకుంటుంది, మళ్లీ అదే కావాలనిపిస్తుంది. డబ్బా మీద పేరు చదివే కొనండి.

ఒక్క రంధ్రం నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే ఏ స్ప్రే కొట్టొద్దు. లోపల పల్లీగింజో చింతగింజో ఇరుక్కుని ఉండొచ్చు. అదే రోజు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. పిల్లి కూతలతో ఆయాసం ఉన్నా ఆలస్యం వద్దు.

నాజిల్ మూసుకుపోతే పిన్నుతో పొడవొద్దు, రంధ్రం పెద్దదై డోసు తప్పుతుంది. విప్పి గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఆరబెట్టి బిగిస్తే సరిపోతుంది.