చిత్రకళ: విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లా, గురువు దగ్గర సాయంత్రాలా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన మరుసటి వారం నుంచి మెహదీపట్నంలోని మా ఇంటికి తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. మేడ మీద గదిలో నేను చాలా ఏళ్లుగా పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నాను. అంతకు ముందు ఈ నగరంలోనే బి.ఎఫ్.ఎ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ చదివాను. వచ్చినవారు ఏటా అడిగేది ఒకటే: “సార్, పిల్లకు బొమ్మలంటే ప్రాణం. నాలుగేళ్లు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేర్పించమంటారా, లేక బి.కాం.లో వేసి సాయంత్రాలు మీ దగ్గరకు పంపితే సరిపోతుందా?” రెండో మార్గం వల్ల నాకు రాబడి ఉంది కనుక ఆ సంగతి ముందే వారికి చెప్పి, ఆ తరువాతే నా అభిప్రాయం చెబుతాను. పదిహేడేళ్ల వయసులో కళనే జీవనంగా ఎంచుకోదలచిన పిల్లలకు విశ్వవిద్యాలయమే మేలు. అయితే ఈ మాట ప్రింట్‌మేకింగ్‌కు (పలక మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళకు), శిల్పానికి వర్తించినంత గట్టిగా పెయింటింగ్‌కు వర్తించదు. ఉద్యోగంలో స్థిరపడినవారికి అసలే వర్తించదు.

హైదరాబాదులో ఈ చదువుకు ప్రధానమైన చోటు మాసబ్ ట్యాంకు దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. నిజాం పాలనలో, 1940లో మొదలైన కళాశాల 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమై, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశ పరీక్ష రాసి, పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, ముఖచిత్రాల వంటి అవసరాలకు వేసే కళ) వంటి శాఖల్లో నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ. అక్కడ చదవవచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం దాని తరువాతి మెట్టు. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్‌లో పెయింటింగ్, ప్రింట్‌మేకింగ్, శిల్పం, కళా చరిత్రలలో రెండేళ్ల ఎం.ఎఫ్.ఎ. (పీజీ) ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ శిల్పం, చిత్రలేఖనం కోర్సులు ఉన్నాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఇటీవల ఎక్కువగా డిజైన్ కోర్సులు పెడుతున్నాయి గాని, వాటి దారి వేరు కనుక వాటిని ఇక్కడ తూచడం లేదు.

ఇంట్లో సాధ్యం కానిది ఏమిటో ముందుగా చూడాలి, ఎందుకంటే ఎంపిక చాలావరకు అక్కడే తేలిపోతుంది. కళాశాలల్లో గ్రాఫిక్స్ అని పిలుచుకునే ప్రింట్‌మేకింగ్‌నే తీసుకుందాం. ఎచింగ్ చేయాలంటే జింకు పలక అంచులను ఆకురాయితో అరగదీసి, నునుపు చేసి, దాని మీద మైనం, తారు, రజనం అనే చెట్టు జిగురు కలిపిన పూత పూసి, ఆ పూతను సూదితో గీకుతూ బొమ్మ గీయాలి. తరువాత పలకను నైట్రిక్ యాసిడ్ కలిపిన నీటిలో ఉంచితే, పూత లేచిన గీతల దగ్గర మాత్రమే లోహం తినబడుతుంది. లేత గీత కావలసిన చోట పలకను తొందరగా పైకి తీసి, అక్కడ వార్నిష్‌తో మూసి, ముదురు గీత కావలసిన చోటు కోసం మళ్లీ యాసిడ్‌లో దించుతారు. నీలినీడల కోసం రజనం పొడిని పలక మీద సన్నగా రాల్చి, కింద నుంచి వేడి చేసి అంటించే అక్వాటింట్ పద్ధతి ఉంది. చివరకు గీతల్లోకి సిరా నింపి, పైన మిగిలినదాన్ని గుడ్డతోనూ అరచేతితోనూ తుడిచి, తడిపి, పైనీటిని అద్ది తీసిన మందపాటి కాగితాన్ని దాని మీద పరచి, ఫెల్ట్ దుప్పట్ల కింద ప్రెస్సు రోలర్ల మధ్య నడిపిస్తారు. పలక ఎన్ని నిమిషాలు యాసిడ్‌లో ఉండాలో చెప్పే కొలత పుస్తకాల్లో దొరుకుతుంది గాని, ఆ రోజు ఎండను బట్టి, యాసిడ్ పాతబడిన తీరును బట్టి అది మారుతుంది. హైదరాబాదు మే నెలలో పలకను యాసిడ్ ఎంత తొందరగా తింటుందో పక్కన నిలబడిన సీనియరు చెబితేనే తెలుస్తుంది.

ఇందులో ఏ ఒక్క దశా అపార్ట్‌మెంటులో జరిగేది కాదు. యాసిడ్ పొగను బయటకు లాగే ఏర్పాటు ఉండాలి. పెద్ద ప్రెస్సు కొన్ని వందల కిలోల బరువు ఉంటుంది. నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను లినోలియం కోత నేర్పగలను, చెక్క ముక్క మీద అచ్చు తీయించగలను. అంతకు మించి నా గదిలో స్థలం లేదు. అందువల్ల గీత మీద మక్కువ, ఒకే పనిని పది సార్లు చేసినా విసుగు పడని ఓర్పు కనిపించిన పిల్లలను నేను ఆలోచించకుండా విశ్వవిద్యాలయానికి పంపుతాను. శిల్పం విషయంలోనూ ఇంతే: ఇనుప చువ్వలతో లోపలి చట్రం, దాని మీద మట్టి, ఆ మట్టి మీద ప్లాస్టర్ అచ్చు, కంచు పోత పోయాలంటే మైనపు నమూనా, కొలిమి, వీటన్నిటినీ ఒక కప్పు కింద ఉంచడం వ్యక్తి వల్ల అయ్యేది కాదు. రాతి పనిలో లేచే ధూళినీ మోతనూ ఏ ఇరుగుపొరుగూ సహించరు.

పెయింటింగ్ దగ్గరకు వచ్చేసరికి తూకం మారుతుంది. కాన్వాసు బిగించడం, ప్రైమర్ పూయడం, నూనె రంగును పలుచనగా మొదలుపెట్టి చిక్కబరచడం మంచి గురువు తన గదిలోనే నేర్పగలడు, పైగా తరగతి గదిలో కంటే బాగా నేర్పగలడు. ముప్పై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి దగ్గర అధ్యాపకుడు గడిపేది కొద్ది నిమిషాలు. నా గదిలో ఐదుగురే ఉంటారు కనుక, ఒకమ్మాయి భుజం దగ్గర గీత ఎందుకు తప్పిందో చూపడానికి నేను అరగంట వెచ్చించగలను. చేయి తిరగడానికి ఈ దగ్గరితనం ఎంతో ఉపకరిస్తుంది.

కాని దానికో నష్టం ఉంది, దాన్ని నేనే నా విద్యార్థుల్లో చూశాను. ఒకే గురువు దగ్గర మూడేళ్లు నేర్చుకున్న పిల్లల బొమ్మల్లో ఆకాశం నా ఆకాశంలాగే ఉంటుంది, చెట్టు నేను వేసే చెట్టులాగే ఉంటుంది. నా తప్పులు సైతం వారి చేతికి దిగుతాయి. విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది ఫౌండేషన్‌లో ఒక అధ్యాపకుడు నీడలు దిద్దమంటే, ఇంకొకరు ఆ నీడలన్నీ తీసేసి గీత మాత్రమే మిగల్చమంటారు. లైఫ్ స్టడీలో మోడల్ చుట్టూ కూర్చున్న అందరూ అదే మనిషిని వేస్తారు. విరామంలో లేచి పక్కవారి బోర్డులు చూసినప్పుడు, మనకు కనిపించనిది వారికి ఏమి కనిపించిందో తెలుస్తుంది. సబ్మిషన్ ముందు రాత్రుళ్లు, డిస్‌ప్లే రోజున గోడకు తగిలించిన పనిని జ్యూరీ ముందు సమర్థించుకోవలసి రావడం, నాకంటే బాగా వేసిన సహవిద్యార్థి బొమ్మ ముందు మాట రాక నిలబడిపోవడం, ఇవే నన్ను మార్చాయి. ఆ నాలుగేళ్లలో పాఠంగా విన్నదాని కంటే స్టూడియోలో పక్క ఈజిల్ మీద చూసింది నాకు ఎక్కువ గుర్తుంది.

కాలేజీ మెట్లు ఎక్కకుండానే గొప్పవారైన వారిని తల్లిదండ్రులు ఉదాహరణగా చెబుతారు, అది న్యాయమైన వాదనే. బాపు మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు, చిత్రకళ పట్టా తీసుకోలేదు. వడ్డాది పాపయ్య డ్రాయింగ్ మాస్టారైన తండ్రి నీడలో, రవివర్మ బొమ్మలు చూసి వేస్తూ నేర్చుకున్నారు. అయితే వారు పనిచేసిన కాలంలో వారపత్రికలు, మాసపత్రికలు వారం వారం బొమ్మ అడిగేవి, అచ్చయిన బొమ్మను లక్షల కళ్లు చూసేవి. గడువు, విమర్శ, పోటీ అన్నీ ఆ పత్రికల నుంచే అందాయి. నేడు పదిహేడేళ్ల పిల్లకు అంతటి నిరంతర పని ఇచ్చే పత్రిక ఏది?

మరో వైపు తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ఇద్దరిని చూడండి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, ఇద్దరూ హైదరాబాదు కళాశాలలోనే చదివారు, ఇద్దరూ ఆ తరువాత బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లోని మేకలు, పొదలు, పల్లె స్త్రీపురుషులు, వైకుంఠం కాన్వాసుల్లో పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవారు వారి ఊళ్ల నుంచే వచ్చారు. వాటిని ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. కాని ఊరిలో చూసినదాన్ని పలక మీదికి, కాన్వాసు మీదికి తెచ్చే దారి చదువులో దొరికింది. లక్ష్మా గౌడ్ తరువాత సరోజినీ నాయుడు స్కూల్‌కే అధిపతిగా పనిచేశారు. చిత్రకారుడు దామెర్ల రామారావు కథలో రెండు దారులూ కలుస్తాయి: రాజమహేంద్రవరంలో ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిని గుర్తించి ప్రోత్సహించారు, ఆ దొర పూనికతోనే ఆయన బొంబాయి జె.జె. స్కూల్‌లో చేరారు. గురువు చేయవలసిన అసలు పని అదేనని నేను నమ్ముతాను.

ఇక బి.ఎఫ్.ఎ.లోనే పెయింటింగా, అప్లైడ్ ఆర్టా అనేది ఇంట్లో ఎక్కువ వాదన జరిగే చోటు. ప్రకటనలు, ప్యాకేజింగ్, పుస్తకాల ముఖచిత్రాలు, యానిమేషన్, గేమ్ స్టూడియోలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు ఉన్న ఈ నగరంలో అప్లైడ్ ఆర్ట్ వారికి చదువు పూర్తికాగానే జీతం దొరికే అవకాశం ఎక్కువ. అక్షరాల అమరిక, చదివేవారి కన్ను ఎటు కదులుతుందన్న లెక్క, ఇచ్చిన పనిని గడువులోగా తేల్చడం అక్కడ అలవడుతాయి. ఇవి చిన్న విద్యలు కావు. కాని ఉద్యోగం కోసం మాత్రమే అందులో చేరిన పెయింటర్లు రెండో ఏడాదికే డీలాపడడం నేను చూశాను, ఎందుకంటే అక్కడ బొమ్మ ఎప్పుడూ మరొకరి అవసరానికి జవాబు చెప్పాలి. ఎవరూ అడగకపోయినా బొమ్మ వేసే పిల్లను పెయింటింగ్‌లో, ఎవరికైనా చూపించి వారి మొహంలో మార్పు చూడాలని తహతహలాడే పిల్లను అప్లైడ్ ఆర్ట్‌లో చేర్పించడం నా పద్ధతి, అది ఇంతవరకు పెద్దగా తప్పలేదు.

పట్టా విలువ గురించి తక్కువే చెప్పాలి. పెద్ద పాఠశాలల్లో కళా ఉపాధ్యాయ పోస్టుకు ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ కావాలి. కళాశాలలో బోధించాలంటే పీజీ, విజువల్ ఆర్ట్ సబ్జెక్టులో యు.జి.సి. నెట్ వంటి అర్హత అవసరమవుతాయి. స్టూడియో శాఖల్లో ఎం.ఎఫ్.ఎ.కు సాధారణంగా బి.ఎఫ్.ఎ. అడుగుతారు కనుక, బి.కాం. చదివి తరువాత మనసు మారితే ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. గ్యాలరీకి మాత్రం పట్టాతో పని లేదు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఉంటుంది; దృశ్యకళలు అందులో ఉన్నాయి, గురువు దగ్గర నేర్చుకునేవారికి అది పనికివస్తుంది. ఆ సంగతి తెలిసినవారు చాలా తక్కువ.

విశ్వవిద్యాలయం వైపు లోపం ఒకటి దాచకుండా చెప్పాలి: అది భాష. జిల్లాల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు స్టూడియోలో అందరికంటే ముందుంటారు, కళా చరిత్ర పరీక్షలో ఆగిపోతారు. తన బొమ్మ గురించి తెలుగులో చక్కగా చెప్పగలిగిన కుర్రవాడు జ్యూరీ ముందు ఆంగ్లంలో మూడు ముక్కలు మాట్లాడి తలదించుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. గురువు గదిలో ఈ అడ్డు లేదు. నా దగ్గర ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యే పిల్లల చేత నేను వారానికి ఒకసారి ఏదో ఒక బొమ్మ గురించి ఒక పేజీ రాయిస్తాను, మొదట తెలుగులో, తరువాత ఆంగ్లంలో; చేరే ముందే ఆ తడబాటు కొంత తీరాలని.

ముప్పై దాటి, ఉద్యోగం చేస్తూ, బొమ్మలు వేయకుండా ఉండలేక వచ్చేవారికి నా సలహా వేరు. వారు నాలుగేళ్లు వదులుకోనక్కర లేదు. ఒక గురువును పట్టుకుని, ఆదివారాల్లో సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, మాదాపూర్ స్టేట్ గ్యాలరీలోనూ గోడల ముందు నిలబడి, ఏడాదికొకసారి గురువును మార్చుకుంటే చాలు. మార్చుకోమని గురువులు చెప్పరు కనుక నేను చెబుతున్నాను.

పదిహేడేళ్ల పిల్లల తల్లిదండ్రులను మాత్రం దరఖాస్తు నింపే ముందు ఒకసారి కళాశాలకు వెళ్లి రమ్మంటాను, వీలైతే వార్షిక ప్రదర్శన రోజున కాక మామూలు పనిదినాన. నా విద్యార్థిని ఒకామె వేరే ఊరి కళాశాలలో చేరి, ప్రెస్సు ఉన్నా రెండేళ్లు దాన్ని ముట్టుకోలేకపోయింది, ఎందుకంటే స్టూడియోకు సాయంత్రం ఐదింటికి తాళం పడేది, పగలంతా తరగతులు సరిపోయేవి. కాబట్టి ఫీజు, హాస్టలు సంగతులు అడిగాక, ప్రెస్సు ఉన్న గదికి వెళ్లి అక్కడి సీనియర్లతో మాట్లాడండి. రోలర్ల మీద తడి సిరా ఉందో, దుమ్ము ఉందో చూడండి. ఆరు దాటాక ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి.