మంట కంటే ముందు చేతులు చూడండి

అమెరికన్ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ పేరెత్తగానే గిటార్ తగలబెట్టిన దృశ్యమే అందరికీ గుర్తొస్తుంది. 1967 జూన్ 18 రాత్రి, కాలిఫోర్నియాలోని మాంటెరే పాప్ ఫెస్టివల్‌లో జరిగిందది. డాక్యుమెంటరీ దర్శకుడు పెన్నెబేకర్ బృందం చిత్రీకరించిన ఆ కచేరీయే 1986లో వచ్చిన ‘జిమీ ప్లేస్ మాంటెరే’ సినిమా. గంటలోపే అయిపోతుంది. 1968 నాటి ‘మాంటెరే పాప్’ డాక్యుమెంటరీలో ఆయనది ఒక్క పాటే ఉంది. అది చూసి, ఇదీ చూసేసినట్టే అనుకోకండి.

మొదట్లో ఒక చిత్రకారుడు గోడ మీద హెండ్రిక్స్ బొమ్మ గీస్తుంటాడు. గిటార్ కోసం కూర్చున్నవాళ్లు ఆ భాగం దాటేసినా పోయేదేం లేదు. ‘కిల్లింగ్ ఫ్లోర్’ పాట మొదలయ్యాక మాత్రం రిమోట్ ముట్టుకోవద్దు.

హెండ్రిక్స్ కుడిచేతివాటం వాళ్ల కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను తిరగేసి, తీగల్ని ఎడమచేతివాటానికి బిగించుకున్నాడు. అందుకే శబ్దాన్ని సవరించే నాబ్‌లు, స్వరాన్ని ఊపే ట్రెమొలో బార్ పైవైపుకొచ్చాయి. ‘ది విండ్ క్రైస్ మేరీ’లో కుడి బొటనవేలిని గమనించండి. గిటార్ మెడ మీదుగా వంగి లావు తీగను అదే నొక్కుతుంది. దాంతో మిగతా వేళ్లకు సన్న తీగల మీద గమకాలు పలికించే వీలు దొరుకుతుంది. చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే బార్ కార్డ్‌లో అంత వెసులుబాటు ఉండదు. చిక్కేమిటంటే, సరిగ్గా వేళ్లు చూడాల్సిన చోట కెమెరా ముఖం మీదికి పోతుంది.

‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’లో ఒక చరణం ఎగిరిపోతే, ఆ సంగతి మైకులోనే చెప్పేసి సాగిపోతాడు. దాన్ని కత్తిరించకపోవడం మంచిదైంది.

‘వైల్డ్ థింగ్’కు ముందు నల్ల గిటార్ దించి, పూలు గీసినది తగిలించుకుంటాడు. ఆరంభంలో వినిపించే ఆ హోరు ఫీడ్‌బ్యాక్: ఆంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) శబ్దానికి తీగలు కంపిస్తాయి, తీగల కింద ఉండే పికప్ ఆ కంపనాన్ని పట్టి మళ్లీ ఆంప్‌కే పంపుతుంది. గిటార్ కోణం, దూరం మారితే కూత కూడా మారుతుంది. సోలో మధ్యలో ‘స్ట్రేంజర్స్ ఇన్ ద నైట్’ బాణీ దూరుతుంది, చెవి అప్పగించండి.

ఇది 16 ఎంఎం ఫిల్మ్. టీవీలో స్ట్రెచ్, జూమ్ ఆపి 4:3లో ఉంచండి; జూమ్ చేస్తే తల, చేతులు అంచుల్లో తెగిపోతాయి. కదలికల్ని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ కూడా తీసేయండి, లేదంటే ఫిల్మ్ కాస్తా సీరియల్‌లా జారుతుంది. శబ్దంలో హెచ్చుతగ్గుల్ని తగ్గించే నైట్ మోడ్ పెడితే మెల్లని చోట్లూ హోరూ ఒకే మట్టానికి వచ్చేస్తాయి. టీవీ స్పీకర్లలో హెండ్రిక్స్ బృందంలోని నోయెల్ రెడ్డింగ్ బేస్ గిటార్ దాదాపు వినపడదు. స్టీరియో ట్రాక్ పెట్టుకుని మంచి హెడ్‌ఫోన్లతో వింటే, ఆ బేస్ పక్కనే మిచ్ మిచెల్ డ్రమ్స్ కుదురు లేకుండా ఎలా ఉరుకుతున్నాయో తెలుస్తుంది.