పుంటికూర మొలకలు, కలుపు రోబో, తీగ కంచెలు

ఎండతో నడిచే కలుపు రోబో వీడియోలు చాలామంది చూసే ఉంటారు, అది ఎలా ఉంటుందో మళ్ళీ చెప్పను. న్యూజెర్సీలో మా పెరటి మడిలో కొన్ని వేసవులుగా తిరుగుతోంది. నా గొడవంతా లేత మొక్కలకు గుచ్చమని దానితో ఇచ్చే తీగ కంచెల గురించే.

ఏది కలుపో ఏది కూరో దానికి తెలియదు. ఎత్తు ఒక్కటే తెలుసు. ముందున్న సెన్సార్‌కు తగిలితే మొక్క అనుకుని పక్కకు తిరుగుతుంది. అంగుళం లోపు ఉంటే మీదుగా వెళ్ళి, పొట్ట కింద తిరిగే నైలాన్ దారంతో కోసేస్తుంది. ఇక్కడ మే సగం దాటి మంచు భయం పోయాక నాటే టమాటా, వంగ, మిరప నారుకు అందుకే ఇబ్బంది లేదు, అప్పటికే జానెడు ఉంటాయి. నేరుగా విత్తేవాటితోనే చిక్కు.

బెండకు కంచె బ్రహ్మాండంగా పనిచేసింది. గింజ పెట్టిన చోటే గుచ్చితే, మొలక రాకముందే కాపలా. తెలిసినవాళ్ళందరికీ గొప్పగా చెప్పాను కూడా.

పుంటికూర దగ్గర కథ మారింది. చల్లిన కూరలో మొలకకో కంచె ఎక్కడ పెడతాం? వరస చుట్టూ కంచెలను పక్కపక్కనే గుచ్చి దడిలా కట్టాను. జూన్‌లో ఒక రాత్రి ఉరుముల వాన కురిసింది. మా మడిలో కంపోస్ట్ ఎక్కువ, మట్టి వదులు. తడికి ఒక కంచె ఒరిగింది. ఆ సందులోంచి రోబో లోపలికి దూరింది, బయటికి దారి దొరకలేదు. ఎటు వెళ్ళినా కంచె తగిలి మళ్ళీ లోపలికే తిరిగింది. ఆఫీసు నుంచి వచ్చి చూస్తే దడి దాదాపు అంతా నిలబడే ఉంది, లోపల రెండాకుల మొలక ఒక్కటీ లేదు. బయట కలుపు మాత్రం హాయిగా ఉంది!

ఇప్పుడు ఆకుకూరల వరసకు చెక్క పలకలు నిలువుగా సగం పాతి అడ్డం పెడుతున్నాను, మట్టి బరువుకు కదలవు. కూర బెత్తెడయ్యాక తీసేస్తాను. కంచెలు బెండకే. అక్కడ కూడా ఆకులు బాగా పరుచుకోకముందే పీకేయాలి, ఆలస్యమైతే తీగలో ఇరుక్కుని కాడలు విరుగుతాయి. బెండ ఏపుగా పెరిగాక నీడకు రోబో ఛార్జింగే సరిగ్గా కాదు.

గంగవాయిలి కూర విషయంలో రోబో దండగ. తెగిన కాడముక్కలు తడి మట్టిలో మళ్ళీ వేళ్ళూనుతాయి. కరీంనగర్ నుంచి వచ్చిన మా అత్తమ్మ, "బిడ్డా, పప్పుల ఏసుకునే కూరను గట్ల ఖరాబు చేస్తుందేంది?" అని రోబోను ఎత్తి గట్టు మీద పెట్టేది. తుంగ కూడా అంతే, పైన కోస్తే కింద గడ్డలోంచి లేస్తుంది.

అయినా అమ్మేయలేదు. నాకు నడుము నొప్పి, మడి చిన్నది, మొలకెత్తే గడ్డి వరకు నిజంగా పని తప్పింది. టమాటా, వంగ ఎక్కువ వేసేవాళ్ళకు నచ్చవచ్చు. ఆకుకూరల కోసమే తోట పెట్టుకున్నవాళ్ళు ముందు పలకల ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.